కెస్రా ఇంటికి ఇచ్చిన కంప్యూటరు

మక్తర్,
అక్టోబరు మొదటి వారం

నాన్నకు విజ్దాన్ సలాం.

అమ్మ బుధవారం నిన్ను చూసి వచ్చి బాగానే ఉన్నావంది. ఎలా ఉన్నాడంటే బాగానే, ఏం తింటున్నాడంటే బాగానే. ఇంకేం అడిగినా వినిపించనట్టు గిన్నెలు తోముతూ కూర్చుంది. అద్దానికి అవతల నన్ను నిలబెట్టి చూడలేనన్నావట. సరే, రాను. ఉత్తరాలు మాత్రం రాస్తాను.

బడిలో నాకొక పని దొరికింది. మా పాత కంప్యూటర్ల గదికి తాళం పడి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసుగా. ఆ యంత్రాలన్నీ తుక్కు కింద తోసేస్తామంటే లతీఫ్ మాస్టారు అడ్డం పడ్డారు. ఫిజిక్సు చెప్పే ఆయనే, నీ బండి ఎక్కితే కిటికీ పక్కన తప్ప కూర్చోని మనిషి. వాటిని బాగుచేసి, కొనుక్కోలేని ఇళ్ళలో చదువుకునే పిల్లలకు ఇద్దామన్నారు. సాయంత్రాలు మేం ఏడుగురం పాత క్యాంటీను కొట్టుగదిలో చేరుతున్నాం. ఊచల కిటికీ ఒక్కటే ఉంది. ఉల్లిపాయల వాసన ఇంకా పోలేదు.

మూడు యంత్రాలు విప్పితే ఒకటి నిలబడుతుంది. దీని ఫ్యాను, దాని డిస్కు, ఇంకోదాని తీగలు. చిప్పు వేడెక్కకుండా రాసే పేస్టు ఎండిపోతే గీకి కొత్తది రాయడం, దుమ్ము ఊదడం నా పని. డిస్కుల్లో మిగిలిన పాత పిల్లల పాఠాలూ ఫోటోలూ తుడిచేసి కొత్త సిస్టం ఎక్కించేది ఘైత్. మొన్న ఒక పెట్టె విప్పితే లోపల నిజంగానే ఎలుక గూడు కట్టి ఉంది. "మౌసు దొరికింది మాస్టారూ, కాకపోతే దీనికి సంసారం కూడా ఉంది" అన్నాడు ఘైత్. మాస్టారు నవ్వు దాచుకోడానికి దగ్గారు.

ఆ గదిలో ఉన్నంతసేపు నేను పేస్టు రాసే విజ్దాన్‌ని. బయటికొస్తే మళ్ళీ డ్రైవరు మోంజి కూతుర్ని. రొట్టెల కొట్టు దగ్గర మాటలు ఇంకా ఆగుతూనే ఉన్నాయి నన్ను చూసి.

అమ్మ లాయరు దగ్గరికి వెళ్ళొచ్చింది. నీతో చెప్పిందో లేదో.

నీ విజ్దాన్


జైలు,
నవంబరు

తల్లీ విజ్దాన్,

నీ ఉత్తరం వచ్చింది. కవరు చింపే ఉంది. ఇక్కడ అన్నీ ఒకాయన చదివాకే మా చేతికొస్తాయి. ఎలుక సంసారం దగ్గర ఆయన కూడా నవ్వాడట, ఇచ్చేటప్పుడు చెప్పాడు.

మా గది పెద్దదే, మనుషులే ఎక్కువ. రాత్రి పక్క మీద ఒకడు ఒత్తిగిలితే వరసంతా ఒత్తిగిలాలి. లైటు ఆర్పరు. ఇరవయ్యేళ్ళు బండి నడిపినవాణ్ణి కదా, కూర్చున్నచోట ఉన్నట్టుండి కుడికాలు నేలను నొక్కుతుంది. పక్కనున్న ముసలాయన చూసి "ఎక్కడిదాకా వచ్చాం?" అంటాడు. "ఇంకా ఇక్కడే" అంటాను.

లాయరు సంగతి అమ్మ చెప్పింది. రవూఫ్ ఇంటివాళ్ళు క్షమించామని రాసిస్తే, మార్చిలో స్వాతంత్ర్య దినం పండక్కి శిక్ష తగ్గించి ముందుగా వదిలేసేవాళ్ళలో నా పేరు కూడా పెట్టించవచ్చని ఆయన మాట. అమ్మకు నువ్వైనా నచ్చజెప్పు. ఆ మనిషి నా పక్క సీట్లో కూర్చుని ఇల్లు చేరకుండా పోయాడు. వానలో వేగంగా నడిపానని రెండేళ్ళు వేశారు. రెండేళ్ళూ ఉంటాను. వాళ్ళ గడప తొక్కి ఆ ఇల్లాలిని ఏదీ అడగొద్దు.

నీ పని బాగుంది. పాతవాటిని పారేయకుండా నిలబెట్టడం బాగుంది. చేతులకు కరెంటు తగలకుండా చూసుకో.

నాన్న


మక్తర్,
నవంబరు చివర

నాన్నకు,

మొదటి నాలుగు కంప్యూటర్లూ ఇళ్ళకు చేరాయి. మూడు ఊళ్ళోనే. నాలుగోది కొండ మీది కెస్రా ఊరికి. ఎవరికివ్వాలో అక్కడి బడి వాళ్ళే చూసి పేరు పంపుతారు, మాకు ఆ ఇంటావిడ పేరొక్కటే తెలుసు. ఘైత్ పెట్టె మోశాడు, నేను తెర మోశాను. ఆ మెట్లు నీకు తెలుసుగా, ఊరంతా గోడకు ఆనించిన నిచ్చెనలా ఉంటుంది. ఆ ఇల్లు పైన ఊటకు దగ్గర్లో. గుమ్మంలో మగ్గం, దాని మీద సగం నేసిన దుప్పటి. ఆవిడ పేరు హాయత్. మాట తక్కువ. కూతురు తస్నీమ్‌కి పదమూడేళ్ళుంటాయి. అమ్మ మాట్లాడని మాటలన్నీ తనే మాట్లాడుతుంది. ఇది ఎందుకు మోగుతుంది, అది ఎందుకు వెలుగుతుంది, దీనికి జ్వరం వస్తుందా అంటూ ఘైత్‌కు ఊపిరాడనివ్వలేదు.

తెర వెలగ్గానే ఆ పిల్ల గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళమ్మ మాకు టీ పోసి, వేయించిన పిండి తేనెతో కలిపి పెట్టింది.

నేను టీ తాగలేకపోయాను. తల తిరిగిందని చెప్పి బయటికొచ్చేశాను. మెట్లెక్కిన అలుపే అయ్యుంటుంది.

ఇక్కడ అంతా బాగానే ఉంది.

విజ్దాన్


జైలు,
డిసెంబరు

విజ్దాన్,

కెస్రా ఇంటికి ఈసారి నుంచి ఇంకెవరినైనా పంపమని లతీఫ్ మాస్టారికి చెప్పు. చలికాలం, దారి మంచిది కాదు. ఇంకేం లేదు.

అమ్మతో నాకు ఉన్ని మేజోళ్ళు పంపు.

నాన్న


మక్తర్,
జనవరి

నాన్నకు,

మేజోళ్ళు అందాయని అమ్మ చెప్పింది. నాలుగు ముక్కల ఉత్తరం రాసి దారి మంచిది కాదన్నావు. ఆ దారిలో ఇరవయ్యేళ్ళు జనాన్ని తిప్పినవాడివి నువ్వు. తస్నీమ్ పేరు చదవగానే నీకు తెలిసిపోయింది కదూ.

నాకు ఆ ఇంట్లో గోడ మీద రవూఫ్ ఫోటో చూడగానే తెలిసింది. కోర్టు వరండాలో ఒక ముసలాయన ఆ ఫోటోనే గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. మేం స్తంభం ఈ పక్కన, వాళ్ళు ఆ పక్కన. ఆ మొహం నేనెలా మర్చిపోతాను? హాయత్ పిన్ని అప్పట్లో భర్త పోయిన నెలల్లో గడప దాటకూడదు కాబట్టి కోర్టుకు రాలేదు. అందుకే నేనెవరో ఆవిడకు తెలియదు. ఆవిడ పుట్టింటి పేరే మా దగ్గర రాసి ఉంది కాబట్టి మాకూ తెలియలేదు.

ఇక వెళ్ళకూడదనే అనుకున్నాను. కొత్త సంవత్సరం వెళ్ళాక ఆ కంప్యూటరు ఆగిపోయిందని కబురొచ్చింది. ఘైత్‌కు జ్వరం. మాస్టారు నన్నే వెళ్ళమన్నారు. ఎందుకు వెళ్ళనో చెప్పాలంటే అంతా చెప్పాలి. వెళ్ళాను. లోపలి మెమరీ ముక్క కదిలిపోయింది, అంతే. తీసి తుడిచి పెడితే లేచి కూర్చుంది. తస్నీమ్ ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని, "దీనికి అన్నీ గుర్తుంటాయా?" అని అడిగింది. కరెంటు పోతే మర్చిపోతుందన్నాను.

ఆ తర్వాత శనివారం రమ్మంది, వెళ్ళాను. ఆ పై శనివారం కూడా. లెక్కలు చెబుతున్నాను. పిన్ని నాకోసం రొట్టె దాచిపెడుతోంది నాన్నా. నేను తింటున్నాను.

మొన్న మగ్గం మీంచి తలెత్తకుండా ఆవిడ తన సంగతి చెప్పింది. వాళ్ళాయన అక్కడికక్కడే పోయాడని అందరూ చెప్పారట. సాయానికి వచ్చినవాళ్ళలో ఒకడు మాత్రం, బండిని చేరేసరికి ఇంకా మాటలు వినబడ్డాయని ఎక్కడో అన్నాడట. "ఏం మాట్లాడాడో ఆ డ్రైవరు ఒక్కడికే తెలుసు. వాణ్ణి చూడాలని లేదు. కానీ అది తెలియకుండా నాకు నిద్ర పట్టడం లేదు" అంది.

నేను తల వంచుకుని లెక్క కొట్టేసి మళ్ళీ వేశాను.

చెబితే ఆ రొట్టె కోసమూ ఆ పిల్ల కోసమూ మాట దాచానంటారు. చెప్పకపోతే రోజురోజుకూ దొంగనవుతున్నాను. నాకు ఏ తాళమూ వెయ్యలేదు, అయినా ఎటు కదలాలో తెలియడం లేదు. ఆయన ఏమన్నాడు నాన్నా?

విజ్దాన్


జైలు,
జనవరి చివర

తల్లీ,

ఫోటో దాకా ఎందుకు, తస్నీమ్ పేరు నాకు ఎప్పటినుంచో తెలుసు. రవూఫ్ వారానికి రెండుసార్లు నా బండెక్కేవాడు. ముందు సీటు ఆయనది. కూతురు అడిగిన ప్రశ్నలన్నీ నన్ను అడిగేవాడు. "డ్రైవరన్నవాడివి, చెప్పు మోంజీ, మబ్బులు ఎటు పోతాయి?" అని.

నువ్వడిగింది రాయలేను. కాగితం తీసుకుని కూర్చున్నాను, రెండుసార్లు చింపేశాను. నన్ను అడగకు.

నాన్న


మక్తర్,
ఫిబ్రవరి

నాన్నకు,

అడక్కుండా ఎలా ఉండను? ఉత్తరాలు చదివే ఆయన చదివితే చదవనీ, కోపంగానే రాస్తున్నాను.

పోయిన శనివారం వాన. పాఠం మధ్యలో తస్నీమ్ ఉన్నట్టుండి, ఆ రోజు కూడా ఇలాగే కురిసిందంది. వాళ్ళ నాన్న కింద రోడ్డు దగ్గరికి గొడుగు తెస్తానని చెప్పి వెళ్ళాడట. తను బడి బస్సు దిగి చీకటి పడేదాకా వానలో నిలబడిందట. "మాట తప్పాడని తిట్టుకున్నాను అక్కా. ఇంటికొస్తే తలుపు తియ్యకూడదనుకున్నాను" అంది. ఇంత మాట్లాడే పిల్ల, ఆ మాట వాళ్ళమ్మకు చెప్పలేదట. నాకు చెప్పింది. నాకే ఎందుకు చెప్పాలి? ఎవరి కూతురికి చెబుతున్నానో తెలిస్తే చెప్పేదా?

ఇంటికొస్తే ఇక్కడ ఇంకో కథ. ఒంటికి పట్టిన వాన ఆరకముందే అమ్మ ముందు నిలబడింది. నేను కెస్రా వెళ్తున్నది ఎవరింటికో ఆమెకు తెలిసిపోయింది. ఘైత్ వాళ్ళమ్మ దగ్గర ఊరూ పేరూ వినేసి కలుపుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "దేవుడే నిన్ను ఆ ఇంటికి పంపాడు. వాళ్ళకు మంచి చేశావు. ఇప్పుడు నువ్వెవరో చెప్పి ఒక్క సంతకం అడుగు. కాదనరు" అంటుంది. మార్చిలో పేర్లు ఖాయమవుతాయి, ఆలోగా అడగమని పొద్దునా సాయంత్రమూ అదే మాట. నేను భోజనానికి కూర్చోవడం మానేశాను. వంటింట్లో నిలబడే తినేసి కొట్టుగదికి పారిపోతున్నాను.

నాకు నువ్వు ఇంటికి రావాలని లేదా? ప్రతి రాత్రీ ఉంది. కానీ పెట్టె ఇచ్చి, లెక్కలు చెప్పి, దాని బదులు నిన్ను అడగాలా?

ఆయన ఏమన్నాడో రాయి. ఆ పిల్ల కోసమైనా రాయి.

విజ్దాన్


జైలు,
ఫిబ్రవరి చివర

తల్లీ,

నువ్వు కోపంగా రాసింది మంచిదే. గొడుగు మాట చదివాక ఇక రాయకుండా ఉండలేకపోయాను.

ఆ రోజు మిగతావాళ్ళు దారిలో దిగిపోయారు. నేనూ రవూఫ్ మిగిలాం. మలుపులో చక్రాలు జారాయి. బండి లోయలోకి దొర్లి ఒక చెట్టుకు ఆనుకుని పక్కకు ఒరిగి ఆగింది. స్టీరింగు నా ఛాతీ మీద. ఆయన కాళ్ళు ముందు రేకు కింద. ఇద్దరం కదల్లేం. అద్దం పగిలి వాన లోపలికి కొడుతోంది. పైన రోడ్డు మీద వెళ్ళే బండ్ల చప్పుడు వినబడేది. అరిచాం, ఎవరికీ వినపడలేదు. ఎంతసేపని చెప్పలేను. చీకటి పడేదాకా అని మాత్రం తెలుసు.

ఆయన నొప్పి అనలేదు. చలి అన్నాడు. నా చెయ్యి ఒకటి ఆయన దాకా అందింది. వేళ్ళు రుద్దుతూ ఉండమన్నాడు, రుద్దాను. మగ్గం మీద దుప్పటి సగంలో ఉంది, ఆ ఎర్ర ఉన్ని అయిపోయింది, తెస్తానని మర్చిపోయాను, హాయత్ కోప్పడుతుందన్నాడు. మధ్యలో ప్రార్థన చదివాడు, నన్నూ చదవమన్నాడు. అన్నిటికంటే ఎక్కువగా అడిగింది ఒకటే మాట. "తస్నీమ్ బస్సు దిగి ఉంటుంది. గొడుగు ఇక్కడే ఉండిపోయింది. దాన్ని ఎవరు తీసుకొస్తారు మోంజీ?" అని. అడిగిందే అడిగాడు. ఎవరో ఒకరు తీసుకొస్తార్లే అన్నాను. చివరికి, పిల్ల ఇంటికి చేరిపోయింది, తలుపు చప్పుడైంది అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు. ఒంటరిగా పోలేదని చెప్పు. చెయ్యి వదల్లేదని చెప్పు.

ఇక ఇది నీకొక్కదానికే. ఆ సాయంత్రం దారి పొడుగునా ఆయన నన్ను తొందరపెట్టాడు. పిల్ల తడుస్తుంది, కాస్త తొక్కు అన్నాడు. నేను తొక్కాను. కాదనాల్సింది, అనలేదు. కింద ఇరుక్కున్నాక, "తొందరపెట్టింది నేనే, నీ తప్పేం లేదు, ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు" అన్నాడు.

కోర్టులో చెప్పలేదు. చనిపోయినవాడు నన్ను క్షమించి పోయాడని నేనే చెబితే వినేదెవరు? అంతకంటే ముఖ్యం, ఆ మాట బయటికొస్తే ఎక్కడికి చేరుతుందో ఆలోచించాను. తన కోసం తొందరపడి నాన్న పోయాడని ఒక పిల్ల జీవితాంతం మోయాలి. నాకు రెండేళ్ళే కదా.

ఆ పేర్లు ఖాయమయ్యే దాకా ఏమీ చెప్పకు. ముందే చెబితే ఎంత నిజం చెప్పినా బేరమే అవుతుంది. ఆ రోజు దాటనీ. అప్పుడు వెళ్ళి నువ్వెవరో చెప్పు, చలీ ఉన్నీ గొడుగూ చెప్పు. తొందర మాట చెప్పకు. క్షమించిన మాట కూడా చెప్పకు. అమ్మకు ఈ ఉత్తరం చూపించకు. చూపిస్తే పరుగున లాయరు దగ్గరికి వెళ్తుంది, అది ఆమె తప్పు కాదు.

నాన్న


మక్తర్,
మార్చి చివర

నాన్నకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ వారాలు ఎలా గడిచాయో రాయను. అమ్మ అడుగుతూనే ఉంది, నేను కాదంటూనే ఉన్నాను. నీ ఉత్తరం నా పుస్తకాల సంచీలో ఉండగా, "మీ నాన్న బయటికి రావడం నీకు ఇష్టం లేదా?" అని అమ్మ అడుగుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. విడుదలయ్యేవాళ్ళ పేర్లు వచ్చిన రోజు అమ్మ తలుపేసుకుంది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. నా కంచం మాత్రం పెడుతోంది.

శనివారం కెస్రా వెళ్ళాను. తస్నీమ్‌ని ఊటకు పంపించమని అడిగి, పిన్నితో చెప్పాను. నేను మోంజి కూతుర్నని ముందు చెప్పాను. ఆవిడ మగ్గం మీద చేతులు ఆగిపోయాయి.

"ఇది రక్త పరిహారమా?" అంది, కంప్యూటరు వైపు చూపించి. "నా మొగుడి బదులు ఇదా?"

కాదన్నాను. మేం తెచ్చేటప్పుడు ఎవరి ఇల్లో తెలియదన్నాను. మరి తెలిశాక శనివారం శనివారం వచ్చి నా రొట్టె ఎలా తిన్నావంది.

మిగతాది చెప్పమంటే చెప్పాను. చలి చెప్పాను. వేళ్ళు రుద్దిన మాట చెప్పాను. ఎర్ర ఉన్ని అనగానే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఉన్ని సంగతి ఇంటి బయట ఎవరికీ తెలియదట. గొడుగు మాట చెబుతుంటే గుమ్మంలో తస్నీమ్ నీళ్ళ బిందెతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు. బిందె దించి, "నేను తలుపు కొట్టింది ఆయనకు వినబడిందా?" అంది. అవునన్నాను నాన్నా. అబద్ధమో నిజమో నాకు తెలియదు, అవునన్నాను.

పిన్ని గోడ వైపు తిరిగి, "ఆ పెట్టె తీసుకుని వెళ్ళిపో" అంది. నేను కదలకపోతే తస్నీమే లేచింది. నేను నేర్పినట్టే అన్నీ వరసగా మూసి, కంప్యూటరు ఆపి, తీగలు చుట్టి కట్టింది. నా మొహం చూడలేదు. తెరా పెట్టే రెండూ ఒకేసారి మోయలేక, ఒకదాన్ని నాలుగు మెట్లు దించి, మళ్ళీ పైకెక్కి రెండోది దించుకుంటూ వచ్చాను. జనం గుమ్మాల్లోంచి చూస్తున్నారు. ఎవరూ చెయ్యి వేయలేదు, నేనూ అడగలేదు.

కొట్టుగదిలో దాన్ని మూల పెట్టాను. ఏమైందని ఘైత్ అడిగితే వాళ్ళకు అక్కర్లేదటన్నాను. ఇంకో ఇంటికి ఇచ్చేద్దామా అన్నాడు. కొన్నాళ్ళు ఉండనీ అన్నాను.

విజ్దాన్


జైలు,
ఏప్రిల్

తల్లీ,

నీ భుజాల నొప్పి తగ్గిందా? ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. నువ్వు చేసినదాంట్లోనూ తప్పులేదు. రెండూ ఒకచోట పట్టవు, అంతే.

అమ్మ బుధవారం వచ్చి కూర్చుని, ఏమీ మాట్లాడకుండా వెళ్ళింది. వెళ్ళేటప్పుడు అద్దం మీద చెయ్యి పెట్టింది. ఆమెను ఏమీ అనకు.

పక్కనున్న ముసలాయనకు విడుదలైంది. ఇప్పుడు నా పక్కన ఎవరూ ఏమీ అడగరు.

నాన్న


మక్తర్,
ఏప్రిల్ చివర

నాన్నకు,

హాయత్ పిన్ని మా బడికి వచ్చింది.

గురువారం సాయంత్రం, అందరం పనిలో ఉన్నాం. కెస్రా నుంచి ఒక్కతే వచ్చి కొట్టుగది గుమ్మంలో నిలబడింది. నన్ను పలకరించలేదు. లతీఫ్ మాస్టారిని అడిగింది, మా ఇంటికి ఇవ్వాలని ఎవరు చెప్పారని. మీ ఊరి బడి వాళ్ళే పేరు పంపారని, ఈ పిల్లలకు ఎవరి సంగతీ ముందుగా తెలియదని ఆయన చెప్పారు. "అయితే అది మోంజి కూతురి సొమ్ము కాదు కదా?" అంది. బడిదన్నారు మాస్టారు. బల్లల మధ్య నడుస్తూ, విప్పిపెట్టిన యంత్రాలన్నీ చూసింది. ఘైత్ స్టూలు ముందుకు జరిపి, కూర్చోండి పిన్నీ అన్నాడు. కూర్చోలేదు.

"తస్నీమ్ పరీక్షలు దగ్గరపడ్డాయి. దాని పెట్టె దానికిచ్చేయండి" అంది. అప్పుడు నా వైపు తిరిగి, "నువ్వు చెప్పింది సగం. నా మొగుడి సంగతి నాకు సగం అక్కర్లేదు. మీ నాన్నని ఏ రోజు చూడనిస్తారు?" అంది.

అనుమతి కోసం మాస్టారు రెండు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఒక్కో ఖైదీని వారానికి ఒక్కసారే కదా చూడనిచ్చేది. బుధవారం అమ్మది. రాత్రి అమ్మకు ఎలా చెప్పాలా అని నేను గుమ్మంలో తచ్చాడుతుంటే, అమ్మే నోరు విప్పింది. ఇన్ని రోజులకి. "మాస్టారు చెప్పారు. ఈ వారం నేను వెళ్ళను, ఆవిణ్ణి పోనీ" అంది. నీకోసం బుట్ట మాత్రం సర్దింది. అది హాయత్ పిన్ని చేతికే ఇచ్చింది. బస్‌స్టాండులో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండానే బుట్ట చేతులు మారింది.

ఈ ఉత్తరం అందేసరికి ఆవిడ వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది నాన్నా. నువ్వు ఆవిణ్ణి ఏమీ అడిగి ఉండవని తెలుసు.

విజ్దాన్


జైలు,
మే

తల్లీ విజ్దాన్,

ఆవిడ వచ్చింది. అద్దానికి అటు కూర్చుంది. రవూఫ్ చెప్పినదానికంటే చిన్నగా ఉంది మనిషి. నేను సలాం అన్నాను, తను అనలేదు. "మొదట్నించీ చెప్పు" అంది.

చెప్పాను. నీకు రాయనివి కూడా చెప్పాను, ఆయన ఊపిరి ఎలా మారిందో, ఏ ప్రార్థన ఎక్కడ ఆగిందో. ఏడవకుండా విన్నది. మధ్యలో ఆపి, అప్పుడు వాన ఏ వైపు నుంచి కొడుతోంది, ఆయనది ఏ చెయ్యి పట్టుకున్నావు అని అడిగింది. కుడిచెయ్యి అన్నాను. తన కుడిచెయ్యి చూసుకుంది.

చివరికి అడిగింది. "వాన కురుస్తుంటే అంత వేగం ఎందుకు పోయావు?"

బండి నడిపింది నేను, వేగం నాది అన్నాను.

"అది కోర్టుకు చెప్పు. నేను ఆయనతో పదిహేనేళ్ళు ఉన్నాను" అంది. "గొడుగు పట్టుకుని కూర్చున్న మనిషి ఊరుకుంటాడా? తొందరపెట్టాడు, అవునా?"

నేను జవాబు చెప్పలేదు. తల కూడా ఊపలేదు. అయినా ఆవిడకు అందింది. నేను చూస్తున్నది ఆవిణ్ణే, కానీ బండిలో ఉన్నట్టే ఉంది. పక్కన మనిషి, మధ్యలో కదల్లేనంత బరువు.

"దాంతో అనలేదు కదా?" అంది. తస్నీమ్ గురించి. విజ్దాన్ అనలేదు, అనదు అన్నాను.

"అనొద్దు. నేనూ అనను" అంది. తర్వాత, "నిన్ను క్షమించడానికి రాలేదు. అది నా దగ్గర లేదు, ఎప్పటికైనా వస్తుందో రాదో తెలియదు. అందుకోసం ఎదురుచూడకు" అంది. చూడనన్నాను.

వేళయిందని గార్డు వచ్చాడు. ఆవిడ లేచింది, కొంగు సర్దుకుంది. మీ అమ్మ ఇచ్చిన బుట్ట లోపలికి పంపించమని గార్డుకి చెప్పింది. నడవబోతూ ఆగి, శనివారం నుంచి నీ కూతుర్ని రమ్మను అంది. పిల్లకు లెక్కలు వెనకబడ్డాయట.

నాన్న